ముందు పేర్లు రాసుకుందాం

సెప్టెంబర్ నెల వస్తే చాలు, మన దగ్గర ఒక లఫ్జ్ మీద జంగ్ మొదలవుతుంది. 17వ తారీఖును ఏమని పిలవాలి? ఒకరు విమోచన అంటారు. ఒకరు విలీనం అంటారు. ఇంకొకరు విద్రోహం అంటారు. 2022లో కేంద్ర సర్కారు హైదరాబాద్ విమోచన దినం అన్నది, రాష్ట్ర సర్కారు జాతీయ సమైక్యతా దినం అన్నది. 2024లో అదే తారీఖు ప్రజాపాలన దినోత్సవం అయింది. జెండాలు మారతయి, స్టేజీలు మారతయి, టీవీల్లో బహస్ మాత్రం అదే.

మన ఇండ్లల్లో దీనికి ఇంకో పేరుంది. పోలీస్ ఆక్షన్. మన దాదీలు, నానీలు 'ఆక్షన్ కంటే ముందు', 'ఆక్షన్ తర్వాత' అని వయసు లెక్కలు చెప్పేవాళ్లు. ఎవరి షాదీ ఎప్పుడయింది, ఎవరు ఎప్పుడు పుట్టారు అన్నదానికి కూడా అదే గుర్తు. ఒక ఖౌమ్ తన ఉమ్రును ఒక సంఘటనతో కొలుచుకుంటోందంటే అది ఎంత లోతుకు దిగిన గాయమో ఆలోచించండి.

అయినా ఆ నాలుగైదు మాటల్లో ఏ ఒక్కటీ అడగని సవాల్ ఒకటుంది. ఎవరు చనిపోయారు? ఎవరు ఊరు వదిలారు? పోయినవాళ్లలో ఎవరు వాపస్ వచ్చారు? నా రాయ్ ఏమిటంటే, ఆజాదీ ఎవరిది, హుకూమత్ ఎవరిది అన్న బహస్ ఇంకో వందేళ్లు నడిచినా నడవనీ. పేర్ల హిసాబ్ మాత్రం అంత కాలం ఆగదు. పేర్లు తెలిసినవాళ్లు ఒక్కొక్కరే ఖబరస్తాన్‌కు పోతున్నారు.

ఈ మాట చెప్పడానికి మిమ్మల్ని కాసేపు దూరదేశం తీసుకుపోతాను. ఆ దేశం పేరు కొసొవో. యూరప్‌లో బాల్కన్ ప్రాంతంలో ఉంటుంది. వైశాల్యంలో మన పాత వరంగల్ జిల్లా కంటే కూడా చిన్నది. 1999లో మన ఉర్దూ అఖ్బారుల్లో ఈ పేరు రోజూ కనిపించేది. మసీదుల్లో వాళ్ల కోసం దువా చేసేవాళ్లు. అప్పుడు మనలో చాలామంది దాన్ని ముసల్మాన్లకూ ఈసాయీలకూ మధ్య జరిగే లడాయిగా అర్థం చేసుకున్నారు. అసలు కథ వేరు. కొసొవోలో ఎక్కువమంది అల్బేనియన్లు. వాళ్లలో ఎక్కువమంది ముస్లింలే, కానీ వాళ్లను కలిపి ఉంచింది జబాన్, నస్ల్. అల్బేనియన్లలో కేథలిక్కులూ ఉన్నారు. మనకందరికీ తెలిసిన మదర్ థెరీసా అల్బేనియన్ కేథలిక్ ఖాందాన్‌లోనే పుట్టింది. కొసొవో రాజధాని ప్రిష్టినాలో పెద్ద చర్చి ఆమె పేరు మీదే ఉంది.

అటు సెర్బులకు కొసొవో అంటే పవిత్ర భూమి. 1389లో అక్కడి మైదానంలో ఉస్మానియా ఫౌజుతో వాళ్ల రాజు లాజర్ యుద్ధం చేసి చనిపోయాడు. సుల్తాన్ మురాద్ కూడా అక్కడే చనిపోయాడు. ఆ యుద్ధానికి 600 ఏళ్లు నిండిన 1989లో సెర్బియా నాయకుడు మిలోసెవిచ్ అదే మైదానంలో లక్షల జనాన్ని పోగుచేసి తఖ్రీర్ చేశాడు. అదే ఏడాది కొసొవో స్వయంప్రతిపత్తిని లాక్కున్నారు. అల్బేనియన్ టీచర్లు, డాక్టర్లు నౌకరీలు పోగొట్టుకున్నారు. పిల్లలకు ఇండ్లల్లోనే స్కూళ్లు నడుపుకున్నారు. దాదాపు పదేళ్లు అట్లా గడిచాయి. తర్వాత తుపాకులు లేచాయి.

1999 మార్చి 24 నుంచి 78 రోజులు నాటో విమానాలు బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే సెర్బియా బలగాలు దాదాపు ఎనిమిదిన్నర లక్షల మంది అల్బేనియన్లను సరిహద్దులు దాటించాయి. దాటేచోట చాలామంది దగ్గర గుర్తింపు కాగితాలు లాక్కున్నారు. బండ్ల నంబర్ ప్లేట్లు కూడా ఊడబీకారు. ఎందుకంటే మళ్లీ వాపస్ వస్తే 'నువ్వు ఇక్కడివాడివని సబూత్ ఏది' అని అడగొచ్చు. ఈ మాట చదువుతుంటే మీ మనసులో ఏం మెదిలిందో నాకు తెలుసు. కాగజ్ అన్న లఫ్జ్ మన దేశంలోనూ ఎంత భారీగా మారిందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

జూన్‌లో యుద్ధం ఆగింది. ఐక్యరాజ్య సమితి 1244 నంబరు తీర్మానం చేసింది. ఆశ్చర్యం ఏమిటంటే, కొద్ది వారాల్లోనే అల్బేనియన్లలో ఎక్కువమంది ఇండ్లకు చేరుకున్నారు. కాలిపోయిన ఇండ్లే కావచ్చు, అయినా తమ ఇండ్లు. కానీ అప్పుడే ఇంకో హిజ్రత్ మొదలైంది. ఈసారి పోయింది సెర్బులు, రోమా జనం. ప్రతీకారానికి జడిసి రెండు లక్షల మంది దాకా వెళ్లిపోయారు. వాళ్లలో చాలామంది ఇప్పటికీ వాపస్ రాలేదు. 2004 మార్చి అల్లర్లలో 19 మంది చనిపోయారు, చర్చీలు తగలబడ్డాయి. నిన్నటి మజ్లూమ్ చేతిలోనే ఇవాళ అగ్గిపుల్ల ఉంది. ఈ మాట రాయడానికి మనసు ఒప్పదు. అయినా రాయాలి.

2008 ఫిబ్రవరి 17న కొసొవో ఆజాదీ ప్రకటించుకుంది. అమెరికా మానింది, రష్యా మానలేదు. అంతర్జాతీయ న్యాయస్థానం 2010లో ఆ ప్రకటన అంతర్జాతీయ చట్టానికి విరుద్ధం కాదని రాయ్ ఇచ్చింది. మన దేశం ఒప్పుకోలేదు. ముస్లిం ముల్కులు కూడా ఒక్క మాట మీద లేవు. తుర్కీ, సౌదీ అరేబియా ఒప్పుకున్నాయి, ఇరాన్ ఒప్పుకోలేదు. మిత్రోవిత్సా అనే పట్టణాన్ని ఇబర్ నది రెండుగా చీలుస్తుంది. ఒక ఒడ్డున సెర్బులు, ఇంకో ఒడ్డున అల్బేనియన్లు. మధ్యలో ఒక వంతెన. ఆజాదీ సవాల్ ఆ వంతెన మీద ఇప్పటికీ నిలబడే ఉంది.

ఇప్పుడు మన వతన్‌కు వద్దాం. ఒకే కథ అని నేను అనడం లేదు. కానీ మూడు ముక్కలు ఇక్కడా ఉన్నాయి. తగాదాలో పడ్డ ఒక ఆజాదీ, రెండు వైపులా జుల్మ్, ఊర్లు వదిలిన జనం.

1947 జూన్‌లో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చాడు. అంగ్రేజులు పోయాక తన రియాసత్ ఖుద్‌ముఖ్తార్ అవుతుందని దాని మత్లబ్. నవంబర్ 29న ఢిల్లీతో యథాతథ ఒప్పందం కుదిరింది. 1948 ఆగస్టులో హైదరాబాద్ సర్కారు ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు రాసింది. సెప్టెంబర్ 13న భారత ఫౌజు వచ్చింది, 17న కథ ముగిసింది. ఆ వారంలోనే పారిస్‌లో మండలి ముందు మన ఫిర్యాదు మీద మాటలు జరుగుతున్నాయి. కొద్ది రోజులకే నిజాం ఆ ఫిర్యాదును వాపస్ తీసుకుంటున్నానని కబురు పంపాడు.

కొసొవోకూ మనకూ పెద్ద ఫరక్ ఒకటుంది. అక్కడ ఆజాదీ కోరింది జనంలో అత్యధికులు. ఇక్కడ కోరింది తఖ్త్, దాని చుట్టూ ఉన్న అమీర్లు, కాసిం రజ్వీ జమాత్. రియాయాను ఎవరూ అడగలేదు. హిందూ రైతును అడగలేదు, ముసల్మాన్ దూదేకులాయనను అడగలేదు. మా జనగామ వైపు కామారెడ్డిగూడెం బందగీ ముసల్మానే. తన జమీన్ కోసం విసునూరు దొరతో కచేరీలో కొట్లాడినందుకు ఖతల్ అయ్యాడు. ఆ దొర హిందువు, ఆ దొర వెనుక ఉన్న హుకూమత్ నిజాంది. బందగీ ఎవరి రాజ్యంలో ఆజాద్ ఉన్నట్టు? ఇమ్రోజ్ ఎడిటర్ షోయబుల్లా ఖాన్ ఉర్దూలోనే రాశాడు, హిందుస్తాన్‌తో కలవాలని రాశాడు. భద్రతా మండలికి ఫిర్యాదు పోయిన ఆ ఆగస్టులోనే ఆయనను నరికి చంపారు. సహాఫీగా నాకు ఆయన పేరు రాసేటప్పుడు కలం కాసేపు ఆగుతుంది.

కాబట్టి సాఫ్‌గా చెబుతున్నా. నిజాం ఆజాద్ హైదరాబాద్ నిలబడలేదని నాకు గమ్ లేదు. కానీ బాద్షా కేసు ఓడిపోతే రియాయా ప్రాణం చవక కాకూడదు. రియాసత్‌కు హక్ ఉందా లేదా అన్నది వకీళ్ల సవాల్. కలంబోలు పనిచేసే మున్షీని, సంతలో గాజులమ్మే అమ్మను, అద్దకం చేసే ముసలాయనను చంపడానికి ఎవరికీ హక్ లేదన్నది సవాలే కాదు. మనం ఈ రెండింటినీ కలిపేసుకున్నాం. మన చావుల గురించి మాట్లాడితే నిజాంను వెనకేసుకొచ్చినట్టే అని వాళ్లు అనుకుంటారు. రజాకార్ల జుల్మ్ ఒప్పుకుంటే మన చావులు జాయజ్ అని ఒప్పుకున్నట్టే అని మనం భయపడతాం. ఈ ముడి విప్పితే తప్ప నోరు పెగలదు.

ఆ రెండేళ్లలో మన నేల మీద మూడు హిజ్రత్‌లు జరిగాయి. బేరార్ నుంచి, సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి దంగాలకు జడిసిన ముసల్మాన్లు హైదరాబాద్‌కు పనాహ్ కోసం వచ్చారు. రజాకార్లకు జడిసిన హిందూ కుటుంబాలు బెజవాడ వైపు, సరిహద్దు అవతలి ఊర్లకు పోయాయి. సెప్టెంబర్ తర్వాత ఊర్ల నుంచి ముసల్మాన్లు షహర్‌కు పరిగెత్తారు, కొందరు అక్కడి నుంచి కరాచీ దాకా పోయారు. మూడు కాఫిలాలు. ప్రతి కాఫిలాకూ తన బాధ ఒక్కటే యాద్. పక్క కాఫిలా కనపడదు.

ఆ నవంబర్‌లో నెహ్రూ సర్కారు పంపిన ముగ్గురు మనిషులు మన ఊర్లు తిరిగారు. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. డిసెంబర్ 21 దాకా 16 జిల్లాల్లో 9 జిల్లాలు చూశారు. 109 ఊర్ల నుంచి వచ్చిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. వాళ్ల రిపోర్టు ప్రకారం పోలీస్ ఆక్షన్ సమయంలో, ఆ తర్వాత చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలు. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ కలిపి కనీసం 5 వేలు. లూటీలు, ఆడవాళ్లను ఎత్తుకుపోవడం, బలవంతంగా మజహబ్ మార్పించడం, జమీన్లు ఆక్రమించడం అన్నీ అందులో రాశారు. ఫౌజులో, పోలీసుల్లో కొందరు ఈ పనుల్లో కలిశారని కూడా రాశారు. అదే రిపోర్టులో, హిందూ నేతగాళ్లు తమ ప్రాణాలు పోగొట్టుకుని మరీ ముసల్మాన్ నేతగాళ్లను కాపాడారనీ రాశారు. ఆ కాగితాలను సర్కారు బయట పెట్టలేదు. ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో అందరూ చూడగలిగేసరికి 2013 వచ్చింది.

ఆ లెక్కను ఇంకోసారి చూడండి. 27 వేలు, లేదంటే 40 వేలు. మధ్యలో తేడా 13 వేలు. 13 వేల మంది ఉన్నారో లేరో తెలియదన్నట్టు.

ఇక్కడే కొసొవో మనకు సబఖ్ చెబుతుంది. నటాషా కాందిచ్ అనే సెర్బు ఆమె 1992లో బెల్‌గ్రేడ్‌లో ఒక మానవతా న్యాయ కేంద్రం పెట్టింది. సెర్బియా రాజధానిలో కూర్చుని, సెర్బు ఫౌజు చంపినవాళ్ల లెక్క తీసింది. గద్దార్ అన్నారు, బెదిరించారు. ఆమె కేంద్రం, దాని ప్రిష్టినా శాఖ కలిసి 1998 నుంచి 2000 దాకా చనిపోయిన, గల్లంతైన వాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా పోగుచేసి కొసొవో స్మృతి గ్రంథం తయారుచేశాయి. మొత్తం 13,535 పేర్లు. అల్బేనియన్లు 10,812, సెర్బులు 2,197, మిగతావాళ్లు రోమా, ఇతర జాతులవాళ్లు. అందరూ ఒకే జాబితాలో. అక్కడ మొత్తం ఎంతమంది పోయారో, మన అందాజాలో తేడాయే దాదాపు అంత. వాళ్లకు పేర్లున్నాయి. మనకు అందాజా ఉంది.

పేర్లు ఉంటే ఏమవుతుంది అని అడగొచ్చు. ఒకటి, ఎవరూ లెక్కను పెంచలేరు, తగ్గించలేరు. రాజకీయాలు చేసేవాడికి అంకెలు కావాలి. పేర్లు ఉన్నచోట వాడి ఆట సాగదు. రెండు, పేరు పక్కన పేరు రాసినప్పుడు గైర్ అన్నవాడి ఇంట్లోనూ ఒక మా ఏడ్చిందని కనపడుతుంది.

మా దాదీమా నల్లగొండ వైపు ఊరి ఆడబిడ్డ. ఆక్షన్ నాటికి పదేళ్ల పిల్ల. ఊరి గొల్లాయన ఒకాయన ఆమెను, వాళ్ల అమ్మను గొర్ల దొడ్డిలో రెండు రాత్రులు దాచాడట. మూడో రాత్రి బండి కట్టి దాటించాడట. ఊర్లు మారుతూ మారుతూ ధర్మసాగర్‌లో ఖాలాజాన్ ఇంటికి చేరారు. ఆమె పెద్దన్న మాత్రం రాలేదు. డిగ్రీలో తెలుగు చదివే రోజుల్లో, కరెంటు పోయిన ఒక రాత్రి నేను అడిగితే, 'బేటా, ఆ ముచ్చట ఇప్పుడెందుకు' అంటూనే తెల్లారేదాకా చెప్పింది. అన్న పేరు చెప్పింది. గొల్లాయన పేరూ చెప్పింది. రెండూ మా ఇంట్లో నోట్‌బుక్కులో ఉన్నాయి, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. దాదీమా ఇప్పుడు లేదు. ఆ నోట్‌బుక్కు లేకుంటే అన్న కూడా ఆమెతోనే రెండోసారి పోయేవాడు.

మన ఖాందాన్లలో ఈ ఖామోషీ ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. ఊర్లో ఉండాలి. పక్కింటివాళ్లతో పాలూ పెరుగూ ఇచ్చిపుచ్చుకోవాలి. పీర్ల పండుగకు డప్పు కొట్టేది వాళ్లే, కాజీపేట దర్గాకు ఉర్స్ రోజున ముందు వచ్చేదీ వాళ్లే. పాత పుండు గీకితే ఏమొస్తుంది అని పెద్దవాళ్లు సబర్ చేశారు. ఆ సబర్ మనల్ని బతికించింది, దానికి సలాం. కానీ మనం చెప్పకపోతే ఆ జాగా ఖాళీగా ఉండదు. సినిమా వచ్చి కూర్చుంటుంది. వాట్సాప్ వచ్చి కూర్చుంటుంది. రజాకార్ అన్న లఫ్జ్‌ను ఇవాళ పంక్చర్ దుకాణం పిల్లవాడి మీద కూడా విసురుతున్నారు. వాడి పర్‌దాదా రజాకార్లకు భయపడ్డాడో, ఎదురు తిరిగాడో ఎవరికి తెలుసు? వాడికే తెలియదు.

ఇంకో మాట మనవాళ్లకే. మా ధర్మసాగర్ నుంచి గంట, గంటంబావు పోతే పరకాల వస్తుంది. 1947 సెప్టెంబర్ 2న జెండా ఎత్తడానికి పోగైన మామూలు జనం మీద అక్కడ కాల్పులు జరిగాయి. అమరధామం ఉంది, పోయి చూడండి. బైరాన్‌పల్లిలో బురుజు ఉంది. 1948 ఆగస్టు 27న అక్కడ ఏం జరిగిందో ఆ ఊరివాళ్లు చెబుతారు, కూర్చుని వినండి. వరంగల్ కోటలో బత్తిని మొగిలయ్యను 1946లో చంపారు. మన నోట్‌బుక్కులో ఈ పేర్లకు జాగా లేకపోతే అది గవాహీ కాదు, వకాలత్. సూరె నిసా 135వ ఆయత్ మనకు ఏం హుకుం ఇస్తుందో గుర్తుచేసుకోండి. తమకు, తల్లిదండ్రులకు, దగ్గరివాళ్లకు ఖిలాఫ్ పోయినా సరే ఇన్సాఫ్ వైపే నిలబడి గవాహీ చెప్పమంటుంది. ఇంతకంటే సాఫ్ మాట ఏం కావాలి?

ఇక పని గురించి. సర్కారు చేస్తుందని ఎదురుచూడొద్దు. 1948లో పదేళ్ల పిల్లలు ఇవాళ తొంభైకి అటూ ఇటూ ఉన్నారు. ఈ జుమా తర్వాత మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డు పెట్టండి, వాళ్లను అడిగే పెట్టండి. అప్పుడు ఏ ఊర్లో ఉండేవాళ్లు? ఇంట్లో ఎంతమంది? ఎవరు పోయారు, పూరా పేరు ఏమిటి, బాప్ పేరు ఏమిటి, ఏ పని చేసేవాళ్లు? ఎవరు పనాహ్ ఇచ్చారు, వాళ్ల పేరు ఏమిటి? ఎప్పుడు వాపస్ వచ్చారు, రాకపోతే ఎందుకు రాలేదు? తెలియనిది తెలియదనే రాయండి. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు వేరుగా రాయండి. మీ ఊరి హిందూ పెద్దల దగ్గరికి కూడా ఇదే నోట్‌బుక్కుతో పోండి.

పాత జమీన్ ఉన్నవాళ్లు 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీసి చూడండి. తెలంగాణలో భూమి హక్కుకు ఇప్పటికీ దాన్నే మూలంగా చూస్తారు. 1948లో ఊరు విడిచి ఆరేడేళ్లు తిరిగి రాలేని ఇంటివాళ్ల పేరు అందులో ఎట్లా ఎక్కుతుంది? పాత సేత్వార్‌లో ఉండి, ఖాస్రాలో మాయమైన పేర్లు మీ ఊర్లో ఎన్ని ఉన్నాయో చూడండి. జమీన్ వాపస్ అడగడానికి కాదు. ఇవాళ దున్నుతున్నవాళ్లకు అందులో ఖసూర్ లేదు. ఈ ఊర్లో ఈ మనిషి ఉండేవాడు అని చెప్పే కాగజ్ అది. కొసొవో సరిహద్దులో లాక్కున్నది అదే కాగజ్.

కొసొవో ఆజాదీ మీద దునియా ఇంకా రెండుగా ఉంది. సెప్టెంబర్ 17 మీద మనమూ అట్లనే ఉంటాం, ఉండనివ్వండి. ఆ బహస్‌లో పాల్గొనాలనుకునేవాళ్లు పాల్గొనండి. కానీ దానికి ముందు ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్కు కొనండి. మొదటి పేజీలో మీ ఊరి పేరు రాయండి. రెండో పేజీ నుంచి మనుషుల పేర్లు.